దాదాపు ప్రతిరోజూ

డిపార్ట్‌మెంట్ నుంచి ఒక ఫారం వచ్చింది.
గత రెండు వారాల్లో మీకెంత తరచుగా ఇలా అనిపించింది?
ఎదురుగా నాలుగు గుండ్రాలు:
అసలు లేదు, కొన్ని రోజులు,
సగానికి పైగా రోజులు, దాదాపు ప్రతిరోజూ.

లింకు తెరుచుకోవడానికే పదకొండు నిమిషాలు.
పర్లాకిమిడిలో మా మేడ మీద
నీళ్ల ట్యాంకెక్కి కూచుంటే
పాతపట్నం టవరు ఒక్క గీత ఇస్తుంది.
మనుషులు అటు పోకూడదు.
రోడ్డుకి అడ్డంగా వెదుళ్లు కట్టి
కానిస్టేబుల్ కుర్చీ వేసుకున్నాడు.
గీతని మాత్రం ఎవరూ ఆపి పాసు అడగలేదు.

"నిద్ర పట్టకపోవడం, లేదా అతిగా నిద్రపోవడం."
ఈ లేదా ఎవరు పెట్టారు?
ఒక ప్రశ్నలో రెండు ప్రశ్నలు దాచకూడదని
మహాపాత్రో సారే కదా చెప్పారు, రెండో సెమిస్టర్లో.
నాకు రెండూ ఉన్నాయి సార్.
రాత్రి మూడింటి దాకా గడియారం ముల్లుకి కాపలా కాస్తాను.
నాలుగింటికి నాన్న లేస్తాడు.
బస్టాండులో ఇడ్లీ బండి మూసి రెండు నెలలు,
అయినా లేస్తాడు.
గ్రైండరు మూత తీసి, తుడిచి, మళ్లీ పెడతాడు.
ఆ చప్పుడయ్యాక నాకు నిద్ర దిగుతుంది
బురదలో బండిచక్రం దిగినట్టు.
"ఏటే అమ్మీ, పొద్దెక్కిపోనాది!"
అమ్మ మిషను తొక్కుతూనే అరుస్తుంది.
నా కాలేజీ చున్నీలు ముక్కలై
వీధిలో సగం మంది మూతుల మీద తిరుగుతున్నాయి.

"పనుల మీద ఆసక్తి లేకపోవడం."
బరంపురంలో హాస్టలు గది నలభై ఒకటి
ఒక్క పూటలో ఖాళీ చెయ్యమన్నారు.
వారమే అనుకున్నాం.
బక్కెట్లో దుప్పటి నానబెట్టి వచ్చేశాను,
నిజంగా, సర్ఫు నీళ్లలో, అలాగే.
టీవీలో శవాల లెక్క చూసినా తడవని కన్ను
ఆ బక్కెట్టు గుర్తొస్తే తడుస్తుంది.
దీనికి ఫారంలో గుండ్రం లేదు.

"మీ మాట నెమ్మదించిందని ఇతరులు గమనించారా?"
ఎవరు, ఎలా?
క్లాసులో నేనో నల్ల చదరం, మధ్యలో హై అని ఒక అక్షరం.
హైమవతి అని విప్పి చదివేవాళ్లు లేరు.
పదిహేడో నంబరు పిలుస్తారు,
మ్యూట్ తీసేలోపు పద్దెనిమిది అయిపోతుంది.
మొదట్లో ఆ బొత్తాం మీదికి ఉరికేదాన్ని.
ఇప్పుడు పోనిస్తున్నాను.

మొన్న సంజుక్తకి ఫోన్ చేశాను.
సంజుక్త రైతా, నలభై ఒకటిలో కిటికీ వైపు మంచం,
గుమ్మ దాటాక కొండ మీది ఊరు.
ముందుగా ఒక దగ్గు, ఎవరిదో, రికార్డు చేసింది.
ఆ తర్వాత ఒడియాలో జాగ్రత్తలు.
ఆ తర్వాత, అందుబాటులో లేరు.
తనకి సిగ్నల్ కావాలంటే ఇంకో కొండెక్కాలి,
వానలు పడిపోయాయి.
ఈ ఫారం సంజుక్త నింపదు.
నింపనివాళ్ల వరస మేం చెరిపేస్తాం,
మిగిలినవాళ్లతో సగటు కడతాం.
సగటు శుభ్రంగా వస్తుంది.

చివరి ప్రశ్న ఇక్కడ రాయను.
అది చదివి చాలాసేపు ట్యాంకు మీదే కూచున్నాను.

తర్వాత అన్నిటికీ మొదటి గుండ్రం నొక్కేశాను.
అసలు లేదు, అసలు లేదు.
ఏక, దుయి, తిని, చారి...
లెక్క నాకు ఒడియాలోనే వస్తుంది, బడి నేర్పింది.
దిగులు తెలుగులో వస్తుంది.
ఫారం ఇంగ్లీషులో ఉంది.
పంపు అంటే తిరిగింది, తిరిగింది,
గీత పోయింది.

ఆ రాత్రి మూత చప్పుడుకి నేనూ లేచి వెళ్లాను.
నాన్న ఏమీ అడగలేదు, కొంచెం జరిగాడు.
పప్పు లేకుండానే స్విచ్చి వేశాడు.
ఉత్తి రాయి తిరుగుతుంటే
ఇద్దరం చూస్తూ కూచున్నాం.
"తుప్పట్టిపోద్ది," అన్నాడు, సంజాయిషీలా.
గ్రైండరు గురించే అనుకుంటా.

తెల్లారాక మళ్లీ ట్యాంకెక్కాను.
ఫారం ఖాళీగా తెరుచుకుంది.
సంజుక్త వరస ఎలాగూ ఉండదు,
నాది ఉండి అబద్ధమైతే ఆ సగటు ఎవరిది?
మొదటి ప్రశ్నకి నాలుగో గుండ్రం నొక్కాను.
వేలు వణికింది, చలికేమో.

"దిగవే, నాచు పట్టింది, జారిపోతావు!"
కింద నుంచి అమ్మ.
వస్తున్నానమ్మా.
ఇంకా ఎనిమిదున్నాయి.